పిల్లి డబ్బా, సున్నుండలు

మంగళవారం, రాయగడ

మహాజనులందరికీ తెలియజేయునది ఏమనగా, మా పిల్లి ఇసక డబ్బా ఇక కంపు కొట్టదు.

పోయినవారం మా ఆవిడ ముక్కు మూసుకుని, "ఏటండీ ఈ కంపు? ఇంట్లో పిల్లయినా ఉండాలి, నానైనా ఉండాలి. దాన్ని నారాయణపట్న సంతలో వదిలీండి" అంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. పిల్లికి మా కొట్లో మిగిలిన ఎండుచేపలు మేపింది నేనే. అవి మాన్పించి, ఉడికించిన కోడిమాంసం పెట్టాను. ఇసక తీసేసి రంపపుపొట్టు పోశాను. తడిసిన పొట్టు రోజూ ఎత్తిపోశాను. నా మాటైతే నమ్మదని, ఇదంతా జేకేపూర్ పశువుల డాక్టరు చెప్పాడన్నాను.

ఇవాళ వంగి వాసన చూసింది. "కంపు పోయిందండీ! పిల్లిని ఉండనీండి. రేపు ఆ డాక్టరుబాబుకి సున్నుండలు ఇచ్చి రండి" అంది.

సున్నుండలు చుట్టేసింది కూడా. ఆ డాక్టరు మాత్రం ఎక్కడా లేడు, నా నోట్లో పుట్టాడు. ఉండలూ అక్కడికే చేరాలి మరి.