రికార్డర్ ఆపాక

నవంబరు 11, సోమవారం

దానయ్య ఇంటర్వ్యూ మళ్ళీ వింటూ కూర్చున్నాను. థీసిస్ కోసం కాదు. థీసిస్ మంటల్లో కలవనీ. నిన్న తెల్లారగట్ల ఒక్కడే ఇంజిన్ తెప్ప వేసుకుని వేటకెళ్ళిన మనిషి ఇంకా ఒడ్డుకు రాలేదు. ఫోన్ కలవడం లేదు. అల్పపీడనం ఉంది, రేపు గాలి ఇంకా పెరుగుతుందట.

మధ్యాహ్నం అతని భార్య మరిడమ్మ రైలెక్కి ఆమదాలవలసలో మా ఇంటికే వచ్చేసింది. నీకు అన్నీ సెప్పినాడు గదమ్మా, ఆ రాళ్ళెక్కడున్నాయో గూడ సెప్పుంటాడు, ఆ మిషన్ ఓపాలి ఇనిపించు తల్లీ అని కాళ్ళు పట్టుకోబోయింది.

సముద్రం అడుగున రాళ్ళున్న చోట కోనాం చేప గుంపు కడుతుంది. అలాంటి చోటు ఎవడిది వాడు దాచుకుంటాడు. పెళ్ళానికి చెప్పడు, తోడబుట్టినవాడికి అసలే చెప్పడు. ఒడ్డు మీది రెండు గుర్తులు చూసుకుంటూ పోతాడు. ఆ గుర్తులు బయటపడ్డాయా, చోటు పోయినట్టే.

నాకు చెప్పాడు. వేసవిలో. ముందు అది ఆపీయమ్మా, అప్పుడు సెప్తాను అన్నాడు. అతని కళ్ళెదుటే రికార్డర్ ఆపాను. ఎంత మర్యాదస్తురాలిని! ఫైల్ అక్కడితో సరి.

సాయంత్రం 4

ఒక గుర్తు జ్ఞాపకం ఉంది. కొండ. రెండోది రావడం లేదు. తల బాదుకున్నా రావడం లేదు. దానయ్య తమ్ముడు నాగబాబుకి ఫోన్‌లో అదే చెప్పాను. ఒట్టి కొండ సూసుకుని ఎందాక పొమ్మంతావు, ఒరిస్సా దాకానా అని అరిచి పెట్టేశాడు.

నవంబరు 12, ఉదయం

మళ్ళీ విన్నాను. దగ్గు. కోడి కూత. నా వెధవ ప్రశ్న. క్లిక్. ఇంకేమీ లేదు.

10.30

ఫోన్! రికార్డర్ మొరాయిస్తుందని బ్యాకప్‌కి ఫోన్‌లో కూడా రికార్డింగ్ పెట్టేదాన్ని. ఆ రోజు బ్యాగ్‌లో ఉన్న ఫోన్ ఆపడం మర్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆ ఫైల్ తెరవనే లేదు. క్లిక్ తర్వాత కూడా దానయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. రెండు గుర్తులూ ఉన్నాయి. ఇక్కడ రాయను.

గైడ్ గణపతిరావు గారికి ఫోన్ చేశాను. కన్సెంట్ లేని ఆడియో, ఎవరికీ వినిపించకు, అధికారులకు చెప్పు అన్నారు. వాళ్ళకీ చెప్పాను. గాలి తగ్గాక బయల్దేరతామన్నారు.

తగ్గాక! అప్పటికి మనిషి ఉంటాడా? ఆటో మాట్లాడుకుని దానయ్య ఊరికి బయల్దేరాను.

మధ్యాహ్నం 1

నాగబాబు ఒక్కడికే చెబుదామనుకున్నాను. ఈ గాలిలో ఒక్క బోటుతో పోతే మేమూ పోతాం, అందరం ఎల్లాల, అందరికీ ఇనిపించు అన్నాడు. మరిడమ్మ నా చెయ్యి వదలడం లేదు. సౌండ్ పెంచి పెట్టాను.

గుర్తులు చెప్పాక దానయ్య ఒక మాట అన్నాడు. మా తమ్ముడికి గూడ తెలవదమ్మా, ఎవులికీ సెప్పకు అని. నాగబాబు తల దించుకుని విన్నాడు. ఊరంతా విన్నారు. బోట్లు దింపేశారు.

సాయంత్రం

ఇంకా రాలేదు.

నవంబరు 13

దొరికాడు. బతికే ఉన్నాడు! ఇంజిన్ చచ్చిపోతే లంగరు వేసుకుని ఆ రాళ్ళ మీదే ఉండిపోయాడట. పెదాలు పగిలిపోయాయి, మాట రావడం లేదు. మరిడమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ భోరుమన్నాను.

నవంబరు 20

దానయ్యని చూడ్డానికి వెళ్ళాను. ఇంజిన్ బాగుచేయించారు గానీ తెప్ప ఇసకలోనే ఉంది. ఇంకెందుకు ఏటకెల్తాడమ్మా, అక్కడిప్పుడు మన బోట్లూ పక్కూరి బోట్లూ కాసుకు కూకున్నాయి, మా మరిదిదే ముందుంటాది అంది మరిడమ్మ. పిల్లలకి గంజి పోస్తూ చెప్పింది, నా మొహం చూడలేదు.

దానయ్య తిట్టలేదు. తిడితే బాగుండును. ఇనిపించు అన్నాడు. చివరిదాకా విన్నాడు. ఇంక సెరిపీయమ్మా అన్నాడు.

అతని ముందే ఫోన్‌లోంచి చెరిపేశాను. ఇంకెక్కడా లేదు గదా అని అడిగాడు.

లేదన్నాను.