గేటు దగ్గర టకటక

మార్చి 4, మంగళవారం

కీబోర్డు వచ్చింది. నల్లది. ఎనభై ఏడు కీలు. వైరు మీటరూ ఎనభై, కీబోర్డుకే అతికించి ఉంది. ఊడదు. ఒక్కో కీ కింద ఒక్కో ఎర్ర స్విచ్, అంటే చప్పుడు తక్కువ చేసే రకం.

ఎడిటర్ ఫోన్ చేశాడు. తక్కువ ధర మెకానికల్ కీబోర్డు, గేమింగ్‌కీ రోజువారీ పనికీ రెంటికీ సరిపోతుందా అన్నది తేల్చాలట. పది రోజులకు తగ్గకుండా వాడాలట. పోయిన నెల నేను రాసిన మౌస్ రివ్యూ కరెంటు ఆఫీసు నోటీసులా ఉందన్నాడు. గేమింగ్ భాగం నాలుగు వందల మాటలు ఉండాలన్నాడు. పదిహేడో తేదీ సోమవారం గడువు. తర్వాత కాస్త ఆగి, కష్టమనుకుంటే ఇంకొకరికి ఇస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

ఎనిమిదేళ్ళుగా రివ్యూల కింద నా పేరే ఉంటోంది. గేమింగ్ భాగం మాత్రం మా ఆవిడది. తను ఆడేది, కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని చెబుతూ పోయేది, నేను రాసుకునేవాణ్ణి. ఒకసారి స్పేస్ బార్ మా బాబాయి గురకలా ఉంది, రాసుకో అంది. రాశాను. ఎడిటర్ దాన్నే హెడ్డింగ్ చేశాడు.

ఆటల కంప్యూటర్ తన బల్ల మీద ఉంది. నవంబరు నుంచి నేను వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తున్నాను. తన గదిలోకి వెళ్తే కిటికీ మూయడానికే. తన పాత కీబోర్డు మీద దుమ్ము పడకుండా అత్తయ్య తువ్వాలు కప్పారు. వారం రోజులుండి వెళ్తానని వచ్చిన మనిషి, నాలుగు నెలలయింది. వెళ్తాననీ అనరు, ఉంటాననీ అనరు. నేనూ అడగను.

మార్చి 5, బుధవారం

తువ్వాలు తీశాను. పాత కీబోర్డు వైరు ఊడదీసి పక్కన పెట్టాను. కొత్తది తగిలించాను. ఇంతవరకు ఏమీ కాలేదు.

నాకొక పద్ధతి ఉంది. ఏ కీబోర్డయినా ముందు ఎస్కేప్ నుంచి చివరి బాణం దాకా వరసగా అన్ని కీలూ ఒక్కొక్కటే నొక్కుతాను. మూడు చోట్ల: ఖాళీ పేజీలో, బ్రౌజర్‌లో, ఆటలో. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. తను నవ్వేది. పళ్ళు లెక్కపెట్టే డాక్టరులా ఉన్నావు అనేది.

ఖాళీ పేజీ అయింది. బ్రౌజర్ అయింది. సాయంత్రం ఆరు గంటలకు ఆట తెరిచాను. పాస్‌వర్డ్ అడగలేదు. నేరుగా తన పేరుతోనే లోపలికి వెళ్ళిపోయింది. నేను తల వంచుకుని నా పద్ధతిలో నా పని చేస్తున్నాను. ఎస్కేప్. ఎఫ్1. ఎఫ్2. ఎఫ్3. ఎఫ్4.

ఎఫ్4ని తను రెడీ అనే బటన్‌గా పెట్టుకుందని నాకు తెలియదు.

తలెత్తేసరికి తెర మీద ఐదు పేర్లు వెలుగుతున్నాయి. ఐదోది తనది. బల్ల మీద హెడ్‌ఫోన్ గుయ్యిమంటోంది. పెట్టుకున్నాను. నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. అక్కా వచ్చావా అంటున్నారొకరు. నాలుగు నెలలు, ఏ గుహలో తపస్సు చేశావ్ అంటోంది ఒకమ్మాయి. ఇల్లు గుర్తుందా తల్లీ అని ఒక ముసలి గొంతు. ఏమనాలో నేను ఆలోచిస్తుండగానే మ్యాచ్ మొదలైపోయింది.

ఇరవై రెండు నిమిషాలు. తొమ్మిదిసార్లు చచ్చాను.

అక్కా, చెయ్యి బాగాలేదా అని అడిగారు. మైక్ ఆపి ఉంది. కీబోర్డు కొత్తది అని టైపు చేశాను.

మార్చి 6, గురువారం

కీబోర్డు కొత్తదే. ఆ మాటలో అబద్ధమేమీ లేదని రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను. ఒకేసారి ఆరు కీలు నొక్కితే ఆరూ పడుతున్నాయా లేదా అన్నది అసలు మ్యాచ్‌లోనే తేలాలి. రివ్యూలో అలాగే రాస్తాను. (పడుతున్నాయి.)

నలుగురి గురించీ తను చెప్పినవి గుర్తు చేసుకున్నాను. కెప్టెన్ పశువుల డాక్టరు. చిలక అని పిలిచే అమ్మాయి కాల్ సెంటర్‌లో పని చేస్తుంది, రోజంతా మాట్లాడి వచ్చి ఇక్కడ ఇంకా మాట్లాడుతుంది. ఒకతను వెల్డర్. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. తను ఆరేళ్ళుగా వీళ్ళతో ఆడింది. ఒక్కరి ముఖమూ చూడలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళ సంగతి కంటే వీళ్ళ మోకాళ్ళ నొప్పుల సంగతే నాకెక్కువ తెలుసు అనేది.

ఆట సులువే. కోట ఒకటి. నలుగురు బయటికి వెళ్ళి పోరాడతారు. ఒకరు గేటు కాయాలి. గేటు తనది.

కెప్టెన్ చెప్పాడు. పదహారో తేదీ ఆదివారం ఆరు గంటలకు లీగ్ సెమీఫైనల్. సెమీఫైనల్ నుంచి పేరు ఇచ్చిన ఐదుగురూ ఉండి తీరాలి, నలుగురితో ఆడనివ్వరు. మధ్యలో మరొకరిని చేర్చుకుంటారా అని నిర్వాహకులు రెండుసార్లు అడిగారట. గేటు అక్కది, అక్క వస్తుంది అన్నాడట. నాలుగు నెలలుగా నలుగురే ఆడి, తిట్లు తిని, ఎలాగో ఇక్కడిదాకా లాక్కొచ్చారట. చూశావా అక్కా, నువ్వు లేకపోయినా నీ కుర్చీ ఎవరినీ ఎక్కనివ్వలేదు అంది చిలక.

నేనేమీ టైపు చేయలేదు. అక్కకి మాట పడిపోయింది, ఆనందం కాబోలు అన్నాడు వెల్డర్.

మార్చి 9, ఆదివారం

రోజువారీ పని సంగతి. ఐదు వేల మాటలు టైపు చేశాను. వేళ్ళు నొప్పి పుట్టలేదు. ఎత్తు కొంచెం ఎక్కువ, మణికట్టు కింద మడతపెట్టిన గుడ్డ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎంటర్ కీ గట్టి. స్పేస్ బార్ గలగలమంటుంది. ఎవరి గురకలా ఉందో చెప్పేవాళ్ళు లేరు.

ఆరింటికి చిలక గోల మొదలుపెట్టింది. అక్కా, మైక్ పెట్టవేం. నువ్వు మాట్లాడకపోయినా పరవాలేదు, నీ టకటక లేకపోతే గేటు దగ్గర ఏమవుతోందోనని నాకు భయమేస్తోంది అంది.

నాకు అర్థం కాలేదు. పాత మెసేజ్‌లు వెనక్కి జరిపి చదివాను. తన పాత కీబోర్డులో నీలం స్విచ్‌లు ఉంటాయి, గట్టిగా టకటకమనే రకం. తను మైక్ తెరిచే ఉంచేది. గేటు మీద దాడి జరిగితే అరిచేది కాదు. కీలు జోరందుకునేవి. ఆ చప్పుడు వినే నలుగురూ వెనక్కి పరిగెత్తేవాళ్ళు. ఆరేళ్ళు అదే వాళ్ళకి సైరన్.

పక్క గదిలోనే కూర్చుని ఆరేళ్ళు ఆ చప్పుడు విన్నాను. విసుక్కున్నాను కూడా. అత్తయ్య వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి ఆ టకటక ఆపవే తల్లీ, తల పగిలిపోతోంది అనేవారు.

ఈరోజు అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, ఇది చప్పుడు చేయదేం బాబూ అని అడిగారు. వేరే రకమని చెప్పాను. అలాగా అని వెళ్ళిపోయారు.

మార్చి 11, మంగళవారం

ఇది రాయకపోతే మంచిది. అయినా రాస్తున్నాను.

ఈ కీబోర్డులో స్విచ్‌లు ఊడదీసి మార్చుకోవచ్చు. ఈ ధరలో అది విశేషమే. పరీక్షించాలి. డబ్బాలో చిన్న పట్టకారు ఇచ్చారు. తన పాత కీబోర్డూ ఊడే రకమే, దాంట్లోంచి ఐదు నీలం స్విచ్‌లు పీకాను. డబ్ల్యు, ఏ, ఎస్, డి, స్పేస్. ఆటలో కదిలేది వీటితోనే. కొత్తదాంట్లో బిగించాను. సరిగ్గా కూర్చున్నాయి. పరీక్ష అక్కడితో అయిపోయింది.

ఆరింటికి మైక్ తెరిచాను.

నోరు విప్పలేదు. కీలు మాత్రం నొక్కాను. ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది అన్నాడు కెప్టెన్. మాస్టారు ముక్కు చీదుకోవడం వినిపించింది. గేటు మీద దాడి జరిగింది, నా వేళ్ళు తడబడి కీలు జోరందుకున్నాయి, నలుగురూ వెనక్కి పరిగెత్తి వచ్చారు. గెలిచాం.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. తలుపులో అత్తయ్య. చేతులు తడిగా ఉన్నాయి. మోచేతుల దాకా సబ్బు నురగ. వంటింట్లోంచి పరిగెత్తి వచ్చినట్టున్నారు. నన్ను చూశారు. కుర్చీని చూశారు. వెళ్ళిపోయారు. నేల మీద నీటి చుక్కలు వంటింటిదాకా ఉన్నాయి. తుడిచాను.

మార్చి 12, బుధవారం

అత్తయ్య రెండు పూటలా తలనొప్పి అన్నారు.

మార్చి 13, గురువారం

అత్తయ్య మాట్లాడారు. ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా.

గ్యాస్ అబ్బాయికి నేనే చెప్పాను బాబూ అన్నారు. కళ్ళజోళ్ళ షాపు వాళ్ళు అమ్మగారి అద్దాలు రెడీ అని ఫోన్ చేస్తే నేనే చెప్పాను. లైబ్రరీ నుంచి మనిషి వస్తే, ఆ పుస్తకం వెతికి ఇచ్చి, నేనే చెప్పాను. మీ ఎడిటరుకీ నేనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాలుక పిడచకట్టుకుపోయింది. మీరు ఒక్కసారైనా ఎవరికైనా చెప్పారా. ఆస్పత్రిలో డాక్టరు చెబితే తలూపారు. అంతే.

కత్తి ఆగలేదు. ఇప్పుడు తెలియనివాళ్ళు నలుగురు దొరికారు మీకు. తెలియదు కాబట్టి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంటున్నారు. నాకూ వెళ్ళి కూర్చోవాలనే ఉంది. నన్ను రానిస్తారా.

బయటికి వెళ్ళి వీధి చివరిదాకా నడిచాను. ఆలోచిస్తే నిజమే. ఆఫీసుకి పంపిన సెలవు కాగితంలో కూడా కారణం అన్న చోట గడిలో టిక్కు పెట్టాను. ఆ వాక్యం నా నోట ఒక్కసారీ రాలేదు.

ఆరింటికి మళ్ళీ ఆ కుర్చీలోనే ఉన్నాను.

మార్చి 15, శనివారం

చెబుదామని మూడుసార్లు టైపు చేశాను. మూడుసార్లు చెరిపేశాను. బ్యాక్‌స్పేస్ కీ బాగా పనిచేస్తోంది.

రేపటి కోసం వెల్డర్ షిఫ్టు మార్చుకున్నాడు. సోమవారం దాకా ఆగమని ఒక ఆవుని ఒప్పించి వచ్చానన్నాడు కెప్టెన్. మాస్టారు మధ్యాహ్నం నిద్రపోవడం ప్రాక్టీసు చేస్తున్నారట, సాయంత్రం కునుకు రాకుండా. ఇప్పుడు చెబితే ఐదుగురు నలుగురవుతారు. ఆడకుండానే బయటికి పోతారు. రేపు అయ్యాక చెబితే ఇన్నాళ్ళూ నేను చేసింది ఏమిటో దానికి పేరు పెట్టాల్సి వస్తుంది. అసలు చెప్పకపోతే సోమవారం, మంగళవారం, ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆరింటికి ఈ కుర్చీ ఉంది.

ఎడమ పక్క గోడ. కుడి పక్క తన బీరువా. ముందు మీటరూ ఎనభై వైరు. వెనక తలుపు ఉంది, కానీ తలుపులో అత్తయ్య ఉంటారు.

గేమింగ్ భాగం ఇంకా ఒక్క ముక్క రాయలేదు.

మార్చి 16, ఆదివారం. సాయంత్రం 7

ఐదున్నరకు కూర్చున్నాను. అప్పటికే నలుగురూ ఉన్నారు. చిలక ఏదో పాట తప్పుగా పాడుతోంది. మైక్ తెరిచాను. గొంతు సవరించుకున్నాను. పాట ఆగింది.

నేను మీ అక్క భర్తనన్నాను. ఈ పది రోజులూ ఆడింది నేనన్నాను. తను నవంబరు పదకొండున చనిపోయిందని చెప్పాను.

చెప్పాక నాలుక పిడచకట్టుకుపోయింది. అత్తయ్య చెప్పినట్టే.

చిలక మాట్లాడకపోవడం నేను వినడం ఇదే మొదటిసారి. తెర మీద గడియారం వెనక్కి తిరుగుతోంది, పదహారు నిమిషాలు, పదిహేను. మంగళవారం విన్న చప్పుడు ఎవరిది అని అడిగాడు కెప్టెన్. తన కీలే, నా వేళ్ళు అన్నాను. అలా చేయకూడదు మీరు అన్నాడు. అవునన్నాను. వెల్డర్ హెడ్‌ఫోన్ తీసి ఎక్కడో విసిరేసిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటి రోజే అనుకున్నా, అక్క తొమ్మిదిసార్లు చచ్చే రకం కాదు అన్నాడు.

నన్ను తీసేయమన్నాను. కావాలంటే నిర్వాహకులకు నేనే చెబుతానన్నాను.

చెప్పాల్సిందే, మ్యాచ్ అయ్యాక నేనే చెబుతాను, గెలిచినా ఓడినా అన్నాడు కెప్టెన్. మాస్టారు అందుకున్నారు. నాయనా, మాకు గేటు కాయడానికి నువ్వు అక్కర్లేదు, నీకది చేతకాదు కూడా. శత్రువు కనబడితే ఆ కీలు గట్టిగా కొట్టు. మేం వస్తాం. ఈ ఒక్కసారికి.

అప్పుడు చిలక నోరు విప్పింది. ఆరైంది బావగారూ, రెడీ నొక్కండి అంది.

నన్ను బావా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. తనకి అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళూ లేరు.

ఎఫ్4 నొక్కాను.

పందొమ్మిది నిమిషాల్లో ఓడిపోయాం. గేటు విరిగేదాకా ఆ కీలు కొడుతూనే ఉన్నాను. మధ్యలో ఎప్పుడో అత్తయ్య వంటింటి స్టూలు తెచ్చుకుని నా పక్కన వేసుకున్నారు. ఎవరు గెలుస్తున్నారని అడిగారు. వాళ్ళే అన్నాను. అయితే ఇంకా గట్టిగా కొట్టండి అన్నారు.

మార్చి 17, సోమవారం

ఉదయం రివ్యూ పంపాను. గేమింగ్ భాగం మూడు వందల తొంభై మాటలు వచ్చింది. ఎడిటర్ తక్కువైందనలేదు.

ఐదు నీలం స్విచ్‌లూ పాతదాంట్లో వాటి చోట్ల వాటిని పెట్టేశాను. మధ్యాహ్నం అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎస్కేప్ నుంచి చివరి బాణం దాకా, ఒక్కొక్కటే నొక్కారు. వైరు తగిలించనా అంటే వద్దన్నారు.