తలుపుతో సహా వస్తున్నాం

రిజిస్ట్రారు గారికి,

టీకాల కార్డు అసలుది చూపకపోతే మా నందేకు హాస్టల్ గది ఇవ్వలేమన్నారట. గది లేకపోతే ఆ పిల్ల నర్సింగు చదువు ఇక్కడితో ఆఖరు. కొంటా ఊరి బడిలో ఆమెకు చదువు చెప్పిన మాస్టారిని నేను. టీకాలు ఉండాలన్న నియమంతో నాకు తగాదా లేదు. కానీ డాక్టరు మా గడపకు ఎన్నడూ రాడు, రుజువు మాత్రం మేమే మీ గడపకు మోసుకురావాలా? ఇదేం న్యాయం?

కార్డును చెదలు తినేశాయి. అలా జరుగుతుందని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ముత్తేకు ముందే తెలుసు. టీకా వేయించిన ప్రతిసారీ తేదీని ఆ ఇంటి తలుపు మీద రంగుతో రాసింది. "కార్డు పోతది గానీ తలుపు ఎక్కడికి పోతది సార్?" అంటది.

తలుపు ఫోటో పంపితే మీ గుమాస్తా "ఒరిజినల్ లావో" అని హిందీలో అసలుదే తెమ్మన్నాడు. చాలా సంతోషం! నందే నాయన మంగల్ పొద్దున్నే తలుపు ఊడదీశాడు. గుమ్మానికి గోనెపట్టా కట్టాడు. సోమవారం తలుపును బస్సు పైకెక్కించి తెస్తున్నాం. మీ ఆఫీసు ద్వారం వెడల్పు కొలిచి ఉంచండి.

ముద్ర మాత్రం చిన్నదిగా, పైన వేయండి. కింద నందే చెల్లెలి తేదీలున్నాయి. రెండేళ్ళలో ఆమె కూడా వస్తది.

ఇట్లు,
తలుపుకు రెండో కొస పట్టుకునే మాస్టారు