గుప్పెడు బార్లీ

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. ఇవాళే మా బ్యాంకు వాళ్లందరినీ, మా బ్యాంకు అప్పుతో ఊరి చివర కొత్తగా పెట్టిన చిన్న బీరు ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్లారు. లోపల అడుగు పెట్టగానే పులిసిన వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. చూపించేవాడు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ తలా గుప్పెడు చేతుల్లో పోసి, "నమిలి చూడండి దీదీ, మింగకండి, ఆ డబ్బాలో ఉమ్మేయండి" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ ఉమ్మారు. తర్వాత గ్లాసుల్లో బీరు ఇస్తే, మా మేనేజరు పుక్కిలించి అదీ ఆ డబ్బాలోనే ఉమ్మి, "బాగుంది" అన్నాడు. ఛీ, ఏం నోళ్లవి!

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, నువ్వు ఓడల సరుకు మోసే ఖిదిర్‌పూర్ డాక్‌లో చిరిగిన బస్తాలోంచి రాలిన బార్లీ గింజలు ఏరి తువ్వాల్లో మూటకట్టుకున్నావు. గేటు దగ్గర కాపలావాడు ఆ మూట విప్పించి, అందరి ముందూ నీ చేతే నేలమీద పారబోయించాడు. ఎర్రజెండా కింద నిలబడ్డ యూనియన్ లీడరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మతో, "ఏటి సెయ్యమంతావు? పిల్లకి బార్లీ నీలు కాస్తావని ఏరినాను. ఎలాగూ ఊడ్సి పారేసేవే కదా" అన్నావు. ఆ ఖాళీ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నావు.

ఇవాళ నేను నమలనూ లేదు, ఉమ్మనూ లేదు. నా గుప్పెట్లోవి కొంగున ముడేసుకున్నాను. బయటికొచ్చేటప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ ముడి కనిపించేలా పట్టుకుని, అక్కడి కాపలావాడు అడుగుతాడేమోనని కావాలనే ఆగాను.

వాడు లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు.

నీ చిన్నమ్మి