జలపాతంలో పట్టుకున్న చెయ్యి

మా కొండమీద నుంచి, మార్చి 3

రాన్స్‌ఫర్డ్‌కి,

మిస్ ఐసిల్డా రాయునది. నువ్వు కులాసాగా ఉన్నావని కళ్లారా చూశాను. పోస్టాఫీసులో కొత్త క్యాలెండరు తగిలించారు. అందులో జలపాతం, జలపాతంలో నువ్వు, నీ చేతిలో నిలువునా తడిసిన ఒక దొరసాని చెయ్యి. ఇద్దరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. మా డోరెత్‌ని నాలుగేళ్లప్పటి నుంచి పెంచింది నేను. ఈ అమ్మమ్మ ఊ అంటేగాని అది నీతో చర్చి మెట్లెక్కదు. ఆ ఊ ఇప్పుడు నా నోటికి రావడంలేదు.

మనసు విరిగిన,
ఐసిల్డా పినక్

తా.క. నీ మెడలో నల్లపెట్టెలు పన్నెండు వేలాడుతున్నాయి. ఆవిడ పెట్టిన నగలేనా?


ఓచో రియోస్ రేవు నుంచి, మార్చి 9

మిస్ ఐసిల్డా గారికి నమస్కారాలు.

అమ్మమ్మగారూ, అది నా ఉద్యోగం. జలపాతం చూడ్డానికి ఓడ దిగొచ్చే విదేశీయులకి జారుడు రాళ్లమీద నడక రాదు. అందుకని అందర్నీ ఒకరి చెయ్యి ఒకరిచేత పట్టించి, మొదటివారి చెయ్యి నేను పట్టుకుని, నీళ్లకు ఎదురు పైకి ఎక్కిస్తాను. ఒక్కరు వదిలితే వరసంతా బోల్తా. ఆ దొరసానికి డెబ్భై ఆరేళ్లు. ఆవిడ రెండో చెయ్యి పట్టుకున్నది ఆవిడ భర్తే. ఆవిడొక్కరే ఏమిటి, రోజుకి ముగ్గురు నలుగురి చేతులు పట్టుకుంటాను. డోరెత్‌ లేకపోతే నేను బతకలేనండీ.

మీవాడే అనుకుంటున్న,
రాన్స్‌ఫర్డ్

తా.క. అవి నగలు కావు, వాళ్ల కెమెరాలు. తడవకుండా నా మెడలో వేస్తారు.


మా కొండమీద నుంచి, మార్చి 16

రాన్స్‌ఫర్డ్‌కి,

ఒకావిడ అనుకుని ఏడ్చాను. రోజుకి నలుగురని నువ్వే రాశావు. పైగా మొగుడి కళ్ల ముందే! నీ ఉత్తరం పాస్టరుగారికి చూపించాను. ఆదివారం చర్చి మొత్తం నీ పేరు పెట్టి ప్రార్థన చేసింది. డోరెత్ అన్నం మానేసింది. దాని మొహం చూస్తే నా ప్రాణం చివుక్కుమంటోంది, అయినా మాట మార్చను.

నీకోసం మోకాళ్లు అరగదీసుకున్న,
ఐసిల్డా పినక్

తా.క. ప్రార్థన రెండు గంటలు సాగింది. తర్వాత భోజనాలకని వేయించిన చేపలు చల్లారిపోయాయని జనం నిన్నే తిట్టారు.


ఓచో రియోస్, మార్చి 22

అమ్మమ్మగారికి,

ఇంక రాసి లాభంలేదు, వచ్చి చూడండి. బుధవారం ఓడలు లేవు. చర్చివాళ్లందర్నీ బస్సెక్కించి తీసుకురండి, నేనే దగ్గరుండి ఎక్కిస్తాను. అప్పటికీ వద్దంటే మీ ఇష్టం.

ఆశ చావని,
రాన్స్‌ఫర్డ్

తా.క. రబ్బరు చెప్పులు వేసుకోండి. గొడుగు వద్దు.


మా కొండమీద నుంచి, మార్చి 31

నాయనా రాన్స్‌ఫర్డ్,

గొడుగు తెచ్చి తప్పుచేశాను. నీ చెయ్యి పట్టుకోనని మొండికేసి, గొడుగు కొస నీకందించి ఎక్కానా, మూడో రాయి దగ్గర కాలు జారింది. గొడుగు నీ చేతిలో, నేను నీళ్లలో. వెనకనుంచి మన చర్చి పెద్ద, డీకన్ బాస్కంగారు చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన భార్య పోయి పదకొండేళ్లు, అంతకాలంగా చర్చిలో నా వెనక బల్లమీదే కూర్చుంటున్నారు, ఒక్కనాడూ పలకరించలేదు. "గట్టిగా పట్టుకో ఐసీ, నేనున్నాను" అన్నారు. మా ఆయన పోయాక నన్ను ఐసీ అన్నవాళ్లే లేరు నాయనా. సిగ్గు విడిచి చెబుతున్నా, పైకి చేరాక కూడా వదలబుద్ధి కాలేదు. బస్సులోనూ వదల్లేదు.

నీమీద అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. డోరెత్‌ని నీకే ఇస్తున్నాను, చల్లగా ఉండండి. కాకపోతే మీ పెళ్లికి అనుకున్న జూన్ మొదటి శనివారం చర్చి ఖాళీ లేదు, మా పెళ్లికి రాయించేశాం. మీది చివరి శనివారం పెట్టుకోండి. మీకు వయసుంది, ఆగగలరు.

నీ అమ్మమ్మ,
ఐసీ

తా.క. వచ్చే బుధవారం ఇద్దరం మళ్లీ వస్తున్నాం. నువ్వు రానక్కరలేదు, దారి తెలిసింది.