క్లైమాక్స్ అరుపు

జూన్ 9, సోమవారం

ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో పరువు పోయినంత పనైంది. డబ్బింగ్ థియేటర్లో నేను కదిలినప్పుడల్లా మైకులో ఏదో సరసరమంటోందట. సౌండ్ ఇంజనీర్ ఓదెలు, ఏందక్కా గా సప్పుడు, జర గాజులు తియ్యి అన్నాడు. తీశాను. గొలుసూ తీశాను. చీరకు గంజి గిట్ల పెట్టినవా అని అడిగాడు. డబ్బింగుకు నేను మెత్తటి నూలు చీర తప్ప కట్టనని వాడికి ఇరవై ఏళ్లుగా తెలుసు. ఆ చప్పుడు చీరది కాదు. లోపల వేసుకున్న పెద్దవాళ్ల డైపర్‌ది. ఆ మాట వాడికెలా చెప్పను?

దగ్గినా, నవ్వినా, గట్టిగా అరిచినా ఆగడం లేదు. రెండేళ్లయింది. నాకు తిండి పెట్టేదేమో అరుపులే. తెర మీద అమ్మలందరి ఏడుపూ నాదే.

జూన్ 10

డైపర్ మానేసి పల్చటి ప్యాడ్ పెట్టుకున్నాను. భయంతో పొద్దున్నుంచి నీళ్లు ముట్టలేదు. నోరెండిపోయి, మాటమాటకీ టక్ టక్‌మని చప్పుడొస్తోందన్నాడు ఓదెలు. దిక్కుమాలిన మైకు! దానికి వినపడనిదంటూ లేదు.

క్లైమాక్స్‌లో కొడుకు శవాన్ని చూసి తల్లి అరవాలి. సగం అరిచి, గొంతు పట్టేసిందని అబద్ధమాడాను. డైరెక్టర్ ఋత్విక్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మేనేజరే బయటికొచ్చి, వచ్చే బుధవారం దాకా చూస్తారట మేడమ్, అప్పటికీ కాకపోతే వేరే వాయిస్ పెడతారట అన్నాడు. ఆ తల్లి వేషం వేసిన నటికి పద్దెనిమిదేళ్లుగా గొంతు నేనే. ఒక్కసారి వేరే గొంతు అలవాటైతే ఇక నన్నెవరు పిలుస్తారు?

జూన్ 12

సిగ్గు చంపుకుని జూబ్లీహిల్స్‌లో డాక్టర్ ప్రజ్ఞ దగ్గరికి వెళ్లాను. నా కూతురంత వయసు కూడా లేదు. మూత్రసంచి కిందికి జారిందమ్మా అంది. రెండు కాన్పులు, ఈ వయసు, చాలామందికి మామూలేనంది. మామూలట! ఆపరేషన్ చేయించుకుంటే నెలన్నర పైగా ఒళ్లు బిగబట్టి అరవకూడదట. అది వద్దనుకుంటే పెసరీ వాడొచ్చంది. మెత్తటి సిలికాన్ రింగ్. లోపల పెడితే జారిన సంచిని ఎత్తి పట్టుకుంటుంది. పెట్టింది. నడిపించింది, దగ్గించింది. నిలిచింది. అమ్మయ్య.

జూన్ 14, ఉదయం 7:10

బాత్రూంలో రింగ్ జారి కింద పడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన తలుపు కొట్టి, ఏమైందే మహాలక్ష్మీ అన్నారు. సబ్బు జారిందన్నాను.

జూన్ 16

డాక్టర్ ఒక సైజు పెద్దది పెట్టింది. దగ్గమంది. దగ్గడం నా పని కాదమ్మా, అరవడం నా పని అన్నాను. అయితే ఇక్కడే ఒకసారి అరవండి అంది. తలుపవతల పదిమంది కూర్చున్నారు, అందులో సగం మంది సినిమా వాళ్లే. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

అంటే ఈ రింగ్ నా అరుపుకు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తెలిసేది ఎల్లుండి, మైకు ముందే. భయంగా ఉంది.

జూన్ 17

ఆయనకు చెప్పేశాను. రెండేళ్లుగానా, అన్నారు. లేచి కిటికీలన్నీ వేసొచ్చి, ఊఁ, ఇప్పుడు అరువు అన్నారు. అపార్ట్‌మెంట్లో ఆ అరుపు అరిస్తే మిమ్మల్ని పోలీసులు పట్టుకుపోతారండీ అన్నాను. ఇద్దరికీ నవ్వాగలేదు.

నవ్వుకైతే నిలిచింది.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం 12:40

ప్యాడ్ పెట్టుకోలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగి నిలబడ్డాను. ఎర్ర లైటు వెలిగింది. అరిచాను. అద్దం అవతల ఓదెలు హెడ్‌ఫోన్స్ పీకేసి చెవి రుద్దుకున్నాడు.

చుక్క పడలేదు.

ఋత్విక్ లేచి నిలబడి, సేఫ్టీకి ఇంకొక్కటి ఇవ్వండమ్మా అన్నాడు. ఇచ్చాను.

మూడోది ఎవరూ అడగలేదు. అయినా అరిచాను.