నాన్న బొగ్గుల పొయ్యి

స్రెతెన్ బాబాయ్‌కి,

లెస్కొవాత్స్ ఊళ్లో జరిగే కాల్చిన మాంసం సంతలో దుకాణాల స్థలాలు ఆగస్టు ఇరవై, శుక్రవారం ఖరారు చేస్తారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న పోయిన నెలకే మీరు ఆయన బొగ్గుల పొయ్యిని వానలో పారేసి గ్యాస్ పొయ్యి పెట్టారు. దుకాణం పైన బోర్డు మీద మాత్రం ఆయన పేరే ఉంచారు. నేను అడ్డుపడితే, "చదువుకున్నదానివి, నీకీ మసి ఎందుకే? పోయి పుస్తకం పట్టుకో" అని అందరిముందూ నవ్వారు.

పట్టుకున్నాను. సంత నియమాల పుస్తకంలో కర్రబొగ్గు తప్ప మరేదీ వాడకూడదని ఉంది.

నాన్న పొయ్యి తుప్పు గీకాను. చువ్వలకు కొవ్వు పట్టించి, ఉల్లిపాయతో రుద్ది, మళ్లీ వెలిగించాను. సరిగ్గా మీ ఎదుటి స్థలమే అడిగాను. ఆ పొగ రోజంతా మీ వైపే వస్తుంది.

నాన్న పేరున్న బోర్డు మీరే దించి తెచ్చిస్తారా, సంత పెద్దల చేత అందరిముందూ దింపించనా? ఆగస్టు ఇరవైలోగా జవాబు రాయండి.

మీ అన్న కూతురు